ఫొటోల పోటీకి పంపే ముందు ఇవి చూసుకోండి

ఆగస్టు 19 ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. ఆ వెనకే బతుకమ్మ, దసరా. పోటీల ప్రకటనలు వరుసకట్టే రోజులివి.

• హక్కుల పేరా పూర్తిగా చదవండి. గెలిచిన ఫొటోను పోటీ ప్రచారానికి వాడుకుంటామంటే సరే. 'వచ్చిన ప్రతి ఎంట్రీపై సర్వహక్కులూ మావే' అని ఉంటే మానుకోవడమే మేలు. బహుమతి రాకపోయినా ఫొటో మాత్రం వాళ్లదైపోతుంది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్లుగా లెక్కిస్తారు. అందుకే 'శాశ్వతంగా' అన్న మాట ఉందేమో ప్రత్యేకంగా వెతకండి.

• కెమెరా రా (RAW) ఫైలు, అంటే ఏ మార్పూ చేయని అసలు ఫైలు, చెరపొద్దు. ఫైనల్‌కు చేరాక, ముఖ్యంగా వన్యప్రాణుల పోటీల్లో, అదే అడుగుతారు.

• వాట్సాప్‌లో మామూలుగా పంపిన కాపీ వద్దు, సైజు తగ్గిపోయి ఉంటుంది. 12 బై 8 అంగుళాల్లో 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కలు) అచ్చు వేయాలంటే 3600 బై 2400 పిక్సెళ్లు కావాలి.

• మూలన వేసుకున్న మీ పేరు తీసేయండి. పేరు కనబడకూడదన్న చోట ఫొటో ఎంత బాగున్నా పక్కన పెట్టేస్తారు. నాకు ఒకసారి అయింది, ఎంట్రీ ఫీజు కూడా పోయింది.

• 'ఎక్కడా ప్రచురితం కానిది' అంటే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినదీ లెక్కేనా? ముందే అడగండి.

• పిల్లల ముఖాలుంటే తల్లిదండ్రుల అనుమతి రాతలో తీసుకోండి. నోటిమాట తర్వాత నిలవదు.

• పంపేది పెయింటింగ్ ఫొటో అయితే ఫ్రేము అద్దం తీసి, ఫ్లాష్ లేకుండా, నీడలో పగటి వెలుతురుకు తీయండి. మెరుపు పడితే రంగులు తేలిపోతాయి.