సిన్స్, ఫర్: ఏది ఎక్కడ వాడాలో మన తెలుగే చెబుతుంది

మనవాళ్ళ ఇంగ్లీషులో ఒక వాక్యం ఎక్కడ విన్నా ఇట్టే గుర్తుపట్టేయొచ్చు: 'ఐ యామ్ వర్కింగ్ సిన్స్ త్రీ ఇయర్స్'. నేనూ ఇంటర్వ్యూల్లో దర్జాగా ఇదే చెప్పేవాణ్ణి. తిరకాసంతా మన 'నుంచి' దగ్గరుంది. 2021 నుంచి అన్నా, మూడేళ్ళ నుంచి అన్నా మనకి ఒక్క మాట సరిపోతుంది కాబట్టి రెండింటికీ సిన్స్ తగిలించేస్తాం. ఇంగ్లీషులో ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్, ఎంతకాలమైందో చెబితే ఫర్.

గ్రామర్ పుస్తకం తియ్యక్కర్లేదు, 'నుంచి' బదులు 'గా' పెట్టి చూడండి. 'మూడేళ్ళుగా చేస్తున్నా', 'రెండు గంటలుగా కూర్చున్నా' బాగానే ఉన్నాయి కదా, అక్కడ ఫర్. '2021గా చేస్తున్నా', 'సోమవారంగా జ్వరం' అని ఎవరూ అనరు, అక్కడ సిన్స్. నాకు ఇప్పటికీ తడబాటు వస్తే మనసులో ఈ 'గా' పెట్టుకునే చూస్తాను. అయితే వాక్యం 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్' అని మొదలవ్వాలి, 'ఐ యామ్' అనేశాక ఫర్ పెట్టినా లాభం లేదు.

హియర్, లిజన్ దగ్గరైతే తెలుగు ఇంకా మేలు, మనకీ రెండు మాటలున్నాయి. వినిపించడం హియర్, వినడం లిజన్. ఫోన్లో సిగ్నల్ సరిగా లేకపోతే మనం అడిగేది 'వినిపిస్తోందా?' అనే కదా, అంటే 'కెన్ యు హియర్ మీ?'. దాన్ని 'ఆర్ యు లిజనింగ్?' అన్నామంటే 'చెప్పేది వింటున్నావా అసలు?' అని గదమాయించినట్టుంటుంది. నేనొకసారి మా మేనేజర్‌నే అలా అడిగాను, కాసేపు అవతల చప్పుడు లేదు, పాపం లైను కట్టయిందేమో అనుకుని ఇంకోసారి గట్టిగా అడిగాను కూడా. కనిపించడానికి సీ, అటు చూడ్డానికి లుక్ కూడా ఇలాంటివే. టీవీకి, క్రికెట్‌కి మాత్రం వాచ్.

'హి సెడ్ మీ' అనకండి. టోల్డ్ అంటే వెంటనే మనిషిని తేవాలి, 'హి టోల్డ్ మీ'. సెడ్ అంటే మధ్యలో 'టు' పెట్టాలి.

ఇక అడ్వైస్, అడ్వైజ్. చివర్లో 'స' పలికితే సలహా, 'జ' పలికితే సలహా ఇవ్వడం. రాసేటప్పుడు మొదటిదానికి సి, రెండోదానికి ఎస్. సలహాలు పది ఇచ్చినా 'అడ్వైసెస్' అవ్వవు, 'సమ్ అడ్వైస్' అంటే చాలు.