బరంపురం నుంచి విదేశీ ఆర్ట్ రెసిడెన్సీకి: దరఖాస్తు, వీసా, సామాను

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు బొమ్మలు వేసే కుర్రాళ్లు, మగ్గం మీద ప్రయోగాలు చేసేవాళ్లు ఫోన్ చేసి అడిగేది ఒకటే: "అన్నా, విదేశీ రెసిడెన్సీ ఫారం ఎలా నింపాలి?" రెసిడెన్సీ అంటే కళాకారులు కొన్నాళ్లు ఉండి తమ పని చేసుకోడానికి చోటిచ్చే ఏర్పాటు. ఫారం సంగతి తర్వాత. ముందు పాస్‌పోర్టు తీసి మీ పేరు చూసుకోండి.

ఒడిశాలో ఉన్న తెలుగువాళ్లకి ఇదొక చిక్కు. ఇంట్లో ఇంటిపేరు ముందు వస్తుంది. ఒడియా బడిలో మాస్టారు దాన్ని చివరికి తోసి ఉంటాడు. ఆధార్‌లో పొడి అక్షరం ఒక్కటే, బ్యాంకు పాసుపుస్తకంలో అదీ ఉండదు. కాగితాలన్నీ బల్ల మీద పరిస్తే నలుగురు వేరువేరు మనుషులు! ఆహ్వాన పత్రం, టికెట్, ఇన్సూరెన్సు, బ్యాంకు స్టేట్‌మెంటు అన్నిటి మీదా పాస్‌పోర్టులో ఉన్న పేరే, అదే స్పెల్లింగుతో ఉండాలి. పాస్‌పోర్టులోనే పొడి అక్షరం ఉంటే విప్పి రాయించుకోండి. ఎంపికయ్యాక మొదలెడితే టైము చాలదు.

మాది దేవాంగుల కుటుంబం. నాన్న కుంభం అంచు పట్టుచీరలు నేసేవాడు. నేను నేసేది కట్టుకోడానికి పనికిరాదు, గోడకి తగిలించుకోవాలి. ఆ పని పట్టుకునే జర్మనీ వెళ్లాను. అక్కడ లైప్‌జిగ్‌లో స్పిన్నరై అని 1884లో పెట్టిన నూలు మిల్లు ఉంది. ఒకప్పుడు బ్రిటన్‌ని పక్కనపెడితే యూరప్‌లోకెల్లా పెద్దది. 1990ల మొదట్లో వడకడం ఆగిపోయింది. ఇప్పుడు ఆ ఎర్ర ఇటుక షెడ్లలో స్టూడియోలు, గ్యాలరీలు. మూతపడ్డ మిల్లులో మగ్గం మనిషికి చూడాల్సింది చాలా ఉంటుంది.

రెసిడెన్సీల్లో రకాలున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌అకాడెమీ అంటే రెండేళ్లు. అమెరికాలో 1907 నుంచి నడుస్తున్న మెక్‌డొవెల్‌లో గరిష్ఠంగా ఆరు వారాలు, బసకీ భోజనానికీ పైసా తీసుకోరు. పారిస్‌లోని సిటే ఎంటర్నాసియొనాల్ దేజార్‌లో 300 పైచిలుకు స్టూడియోలు. బ్రిటన్ వెళ్లాలంటే చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్టు, స్విట్జర్లాండు అయితే ఆ దేశపు కళల సంస్థ ప్రో హెల్వెటియా ఢిల్లీ ఆఫీసు చూడండి. మిగతావి రెస్ ఆర్టిస్, ట్రాన్స్‌ఆర్టిస్ట్స్ సైట్లలో దొరుకుతాయి. "మీరు ఎంపికయ్యారు, వారానికి ఇన్ని యూరోలు కట్టండి" అనే చోట్లు కూడా బోలెడు. అన్నీ మోసాలని అనను, గదికి అద్దె అవుతుంది నిజమే. అయినా మొదటిసారే సొంత డబ్బు కట్టి వెళ్లొద్దంటాను. ఆ డబ్బుతో ఇంట్లో ఏడాది నూలు కొనుక్కోవచ్చు. ముందు ఢిల్లీలో ఖోజ్ లాంటి చోట ప్రయత్నించండి. 1997 నుంచి ఉంది, వీసా గొడవ లేదు.

ఇక ఫారం. "మా ప్రాచీన సంప్రదాయాన్ని ప్రపంచానికి చాటుతాను" అని రాసిన కాగితాలు నాకు చూపిస్తూనే ఉంటారు. కొట్టేయండి. చాటడానికి వాళ్లు మిమ్మల్ని పిలవడం లేదు. ఇప్పుడు ఏం చేస్తున్నావు, ఇక్కడ ఏం చేస్తావు, అది ఇక్కడే ఎందుకు చెయ్యాలి: ఈ మూడింటికే జవాబు కావాలి. నేను రాసింది దాదాపు ఇది: "చీరలో ఒళ్లు తీసేసి రెండు అంచులే నేస్తున్నాను. మధ్యలో పడుగు (నిలువు) పోగులు ఖాళీగా వేలాడతాయి. ఎంత వెడల్పు వరకు అవి నిలుస్తాయో చూస్తున్నాను. మీ ఊళ్లో మూతపడ్డ మిల్లుల నూలు దొరికితే దాన్ని పేకగా (అడ్డం పోగుగా) వాడతాను." మన వీధి గొప్పతనం మీద ఒక్క ముక్క లేదు. ఇంగ్లీషు రాకపోతే పని గురించి ఫోన్లో తెలుగులో మాట్లాడి రికార్డు చేసుకోండి, తర్వాత ఎవరిచేతన్నా రాయించుకోండి. రాసిపెట్టినవాడు అలంకారాలు చేరిస్తే నిర్మొహమాటంగా తీసేయండి.

ఫోటోలు పగటి వెలుతురులో తీయండి. ఒకదాంట్లోనైనా పక్కన మనిషి నిలబడితే సైజు తెలుస్తుంది. ప్రతిదాని కింద కొలత, సరుకు, సంవత్సరం.

గడువు "23:59, మధ్య యూరప్ సమయం" అంటే చలికాలంలో మనకి మర్నాడు తెల్లవారుజామున 4:29, వేసవిలో 3:29. ఆ రాత్రికి ఆగకండి, అక్టోబరు గడువులైతే మరీను. గంజాం జిల్లాలో అక్టోబరంటే తుఫాన్ల నెల. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక కరెంటు కోసం ఎన్నాళ్లు కూర్చున్నామో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఏ నెలలు కావాలని అడిగిన చోట ఠాకురాణీ యాత్ర (బరంపురం అమ్మవారి జాతర) ఏడాదా కాదా చూసుకుని రాయండి. రెండేళ్లకోసారి వచ్చే పండగ, ఇంట్లో ఎవరైనా వేషం మొక్కుకుని ఉంటే ఆ నెలలో విమానం ఎక్కనివ్వరు.

షెంగెన్ వీసాతో (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చేది) ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండగలరు. ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోలకి వైద్య ఇన్సూరెన్సు ఉండాలి. ఒడిశా చిరునామా ఉన్నవాళ్లని చాలా కాన్సులేట్లు కోల్‌కతా కిందే లెక్కేస్తాయి. చుట్టాలున్నారు కదా అని ఫలక్‌నుమా ఎక్కి సికింద్రాబాద్ పోకుండా ముందు కనుక్కోండి. ఆహ్వాన పత్రంలో తేదీలు, బస ఎవరిది, భోజనం ఎవరిది, నెలకి చేతికిచ్చేదెంత, టికెట్ ఎవరు కొంటారు అన్నీ విడివిడిగా ఉండాలి. "మీ రాక మాకు సంతోషం" అన్న ఉత్తరంతో వీసా ఆఫీసులో పని జరగదు.

సామాను. టర్పెంటైను విమానంలోకి రానివ్వరు, అక్కడే కొనుక్కోండి. పటచిత్రం, గంజపా చీట్లు వేసేవాళ్లు హరితాళం (పసుపు రంగు), హింగుళం (ఎర్ర రంగు) ఇంట్లోనే వదిలెయ్యండి. ఒకదాంట్లో ఆర్సెనిక్, ఇంకోదాంట్లో పాదరసం. శంఖం పొడి తెల్లగా ఉండి చూసేవాళ్లకి అనుమానం రావచ్చు కాబట్టి పేరు రాసిన సీలు పొట్లంలో, చెక్-ఇన్ పెట్టెలో. వెలగ జిగురు గడ్డలుగా తీసుకెళ్లండి. నాలాంటి నేతగాళ్లు అచ్చు (పడుగు పోగుల్ని విడదీసే మగ్గం దువ్వెన), కత్తెర చెక్-ఇన్‌లో వేసి, పడుగు ఇక్కడే తోడుకుని అట్ట గొట్టానికి చుట్టుకెళ్తే మేలు. తిండి విషయానికొస్తే, యూరప్‌కి నెయ్యి, కోవా, మాంసం తీసుకెళ్లనివ్వరు. బరంపురం అప్పడాలకీ ఆవకాయకీ అడ్డు లేదు, నూనె కారకుండా కట్టుకుంటే చాలు.

అక్కడికెళ్లాక మొదట ఇబ్బంది పెట్టేది తీరిక. ఎవరూ ఏమీ అడగరు, ఆర్డరు లేదు, షావుకారు లేడు. నేను రోజూ పొద్దున్నే కండెలు చుట్టాను, అవసరం ఉన్నా లేకున్నా. చేతికి పని తగిలితే బుర్ర దారిలో పడుతుంది. రెండోది, మన ఊరి పేరు వినగానే "సంప్రదాయ కళాకారుడు" అని చీటీ అంటించి, శనివారం పిల్లలకి నేత చూపించమంటారు. ఒకసారి సరదా. ప్రతి శనివారం అయితే మీరు వెళ్లిన పని పోయినట్టే. ఎన్ని ప్రదర్శనలు, ఎన్ని ఓపెన్ స్టూడియోలు (జనం వచ్చి పని చూసే రోజులు) ఇవ్వాలో బయల్దేరకముందే మెయిల్లో రాయించుకోండి. క్యూరేటర్ (ప్రదర్శనలకి పనులు ఎంచేవాళ్లు) స్టూడియోకి వస్తే తాతముత్తాతల కథతో మొదలెట్టొద్దు. నేసింది ముందు పెట్టి, అడిగేదాకా ఊరుకోండి. మౌనం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, ఉండనివ్వండి. జర్మనీలో ఆదివారం కొట్లన్నీ మూసేస్తారు, శనివారమే బియ్యం తెచ్చుకోండి.

ఖరీదైన పనిముట్లు పట్టుకెళ్తుంటే వెళ్లేటప్పుడే విమానాశ్రయం కస్టమ్స్‌లో చూపించి ఎక్స్‌పోర్టు సర్టిఫికెట్ తీసుకోండి, తిరిగొచ్చేటప్పుడు సుంకం గొడవ ఉండదు. బోర్డింగ్ పాసులు, రైలు టికెట్లు పారేయకండి. చాలా చోట్ల ప్రయాణ ఖర్చు ఆ ముక్కలు చూపించాకే చెల్లిస్తారు.