ఎంఓటీ చేయాలనుకునే మన విజయవాడ, గుంటూరు పిల్లలకు: ముందు పేషెంట్‌ను ఎంచుకోండి, కాలేజీ తర్వాత

జబ్బు, గాయం, వైకల్యం ఉన్న మనిషి తన రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా చేసేది ఆక్యుపేషనల్ థెరపీ. అందులో డిగ్రీ బీఓటీ, పీజీ ఎంఓటీ. బీఓటీ ఇంటర్న్‌షిప్ చివరికి వచ్చేసరికి అందరూ అడిగేది ఒకటే, ఎంఓటీ ఏ కాలేజీలో చేస్తే మంచిది అని. ఆ ప్రశ్నను కొన్ని రోజులు పక్కన పెట్టండి. ఇది 2 ఏళ్ల కోర్సు. ఆ రెండేళ్లు ఎలాంటి పేషెంట్ పక్కన కూర్చుంటారో తర్వాత మీ పనంతా దాదాపు అదే అవుతుంది కాబట్టి, ముందు తేలాల్సింది స్పెషాలిటీ. పీడియాట్రిక్స్, న్యూరో, ఆర్థో, హ్యాండ్, మెంటల్ హెల్త్, కమ్యూనిటీ రిహాబ్, ఇలా ఉంటాయి. కాలేజీని బట్టి పేర్లు కొంచెం మారతాయి, అన్నిచోట్లా అన్నీ ఉండవు.

మనవైపు ఎక్కువమంది చూపు పీడియాట్రిక్స్ మీదే. ఎందుకో తెలిసిందే. గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో ఆస్పత్రుల మధ్య నడిస్తే చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్ల బోర్డులు కనిపిస్తాయి, ఉద్యోగం త్వరగా దొరుకుతుంది. పిల్లలతో పని నిజంగా ఇష్టమైతే నిశ్చింతగా వెళ్లండి. ఉద్యోగం కోసమే అయితే మాత్రం ఒక నెల ఏదైనా సెంటర్‌లో రోజంతా కూర్చుని చూడండి, ఎందుకంటే అక్కడ పిల్లవాడితో పాటు వాళ్లమ్మ టెన్షన్, నానమ్మ అనుమానాలు, స్కూలు వాళ్ల ఫిర్యాదులు కూడా మీ ముందుకే వస్తాయి, వాటికి ఓపిగ్గా జవాబు చెప్పడం కూడా థెరపీలో భాగమే. ఇంకో మాట, స్పర్శ, చప్పుడు లాంటి వాటికి పిల్లలు సర్దుకునేలా చేసే సెన్సరీ ఇంటిగ్రేషన్ మీద రెండు మూడు రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్ ఉంటే ఎంఓటీ అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎవరి కింద, ఎన్ని కేసులు, ఎంత లోతుగా చూశారన్నదే పని నేర్పుతుంది.

నాకు బాధగా అనిపించేది హ్యాండ్ రిహాబ్ వైపు మనవాళ్లు చాలా తక్కువ వెళ్లడం. విజయవాడ ఆటోనగర్‌లో ప్రెస్సుల దగ్గర, లేత్‌ల దగ్గర పనిచేసేవాళ్లను చూడండి. వేలు నలిగితే, కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ తెగితే సర్జన్ కుట్టు వేసి పంపిస్తాడు, కానీ తర్వాత వేలిని నిలిపి ఉంచే సరైన స్ప్లింట్, సరైన వారంలో సరైన కదలిక లేకపోతే ఆ వేలు బిగుసుకుపోతుంది. ఆ మనిషి మళ్లీ స్పానర్ పట్టుకోలేడు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్ల నడుములు, గ్రేడింగ్ చేసే ఆడవాళ్ల మెడలు, భుజాలు, మణికట్లు కూడా మన సబ్జెక్టే. పని చేసుకుని బతికే మనిషిని తిరిగి పనిలోకి పంపడం కన్నా ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఇంకేముంది చెప్పండి.

ఏ పేషెంట్ అన్నది తేలాక కాలేజీల వేట మొదలుపెట్టండి. మనలో చాలామంది బయట రాష్ట్రాలకే వెళ్తారు. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద సంస్థ, అదే ఎస్‌వీ నిర్తార్, కోల్‌కతాలోని ఎన్‌ఐఎల్‌డీ, ఈ రెండూ కేంద్ర ప్రభుత్వానివి. వీటికి పీజీఈటీ అనే ఉమ్మడి పరీక్ష ఉంటుంది. సీట్లు తక్కువ, పోటీ గట్టిది, కానీ అవయవాల వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ కేసులు దండిగా చూస్తారు. విజయవాడ నుంచి కోరమండల్ ఎక్కితే నేరుగా కటక్. దక్షిణం వైపు వేలూరు సీఎంసీ ఉంది, చేతి సర్జరీలో పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల మీద చేసిన పని అక్కడిదే, బాగాయంలో రిహాబ్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఉంది. చెన్నై శివారు పోతేరిలో ఎస్‌ఆర్‌ఎం, కోయంబత్తూరులో కేఎంసీహెచ్, ఇటు మణిపాల్, ముంబై హాజీ అలీ దగ్గర ఏఐఐపీఎంఆర్ కూడా చూడండి. ఫీజులు, నోటిఫికేషన్లు ఏటా మారతాయి, కాబట్టి ఆ సంవత్సరం ప్రాస్పెక్టస్ తెరిచి చదవండి.

ప్రాస్పెక్టస్‌లో కనిపించని సంగతులు సీనియర్లను అడిగితేనే తెలుస్తాయి. ఇప్పుడు అక్కడ చదువుతున్న ఒకరినైనా పట్టుకుని ఫోన్‌లో ఇవి అడగండి: రోజుకు మీ చేతిలో ఎన్ని కేసులుంటాయి, వార్డులోకి వెళ్లనిస్తారా లేక ఓపీడీలోనే ఉంచుతారా, స్ప్లింట్లు మీరే చేస్తారా, ఆ స్పెషాలిటీలో గైడ్‌గా ఉండేవాళ్లు ఎంతమంది, గైడ్ మధ్యలో వెళ్లిపోతే ఏం చేస్తారు, స్టైపెండ్ ఉందా. చివరి ప్రశ్నకు సిగ్గుపడకండి, ఇంట్లో బ్యాంకు లోను తీసి చదివించే నాన్నకు ఆ జవాబు చాలా ముఖ్యం. మంచి భవనం, ఖరీదైన సిమ్యులేటర్లు ఉండి కూడా పేషెంట్లు రాని డిపార్ట్‌మెంట్ కన్నా, బల్లలు పాతబడినా వరండా దాకా జనం కూర్చునే డిపార్ట్‌మెంట్ మేలని నేను గట్టిగా నమ్ముతాను.

పరీక్ష సంగతి. అనాటమీ, బయోమెకానిక్స్, న్యూరో, ఆర్థో, సైకియాట్రీ బేసిక్స్ ఎలాగూ చదవాలి. తేడా వచ్చేది ఆక్యుపేషనల్ థెరపీ థియరీలో, మనవాళ్లు అక్కడే మార్కులు వదిలేస్తారు. కీల్‌హాఫ్నర్ మోడల్ ఆఫ్ హ్యూమన్ ఆక్యుపేషన్, జీన్ ఎయిర్స్ సెన్సరీ ఇంటిగ్రేషన్, బోబాత్, రూడ్, బ్రన్‌స్ట్రామ్, అలెన్ కాగ్నిటివ్ లెవెల్స్, వీటిలో ఒక్కొక్కటి ఏ పేషెంట్‌కు ఎందుకు వాడతామో మీ మాటల్లో చెప్పగలగాలి. స్కేళ్లు మాత్రం కంఠతా రావాలి: కండరాల బిగుతు కొలిచే మాడిఫైడ్ యాష్‌వర్త్‌లో 1 తర్వాత 1+ ఉంటుందని, సెరిబ్రల్ పాల్సీ పిల్లల కదలికలు చూసే జీఎంఎఫ్‌సీఎస్‌లో 5 లెవెల్స్ అని, వెన్నుపాము దెబ్బకు ఏఎస్‌ఐఏ గ్రేడ్లు ఏ నుంచి ఈ వరకు అని. రోజూ ఇంటర్న్‌షిప్‌లో చూసిన ఒక కేసును తీసుకుని రాత్రికి దానికి సంబంధించిన మోడల్, స్కేల్, గోల్ రాసుకుంటే విడిగా కూర్చుని చదివేది సగం తగ్గుతుంది.

కాగితాల విషయంలో నిర్లక్ష్యం వద్దు. మీ బీఓటీ కాలేజీకి ఆల్ ఇండియా ఆక్యుపేషనల్ థెరపిస్ట్స్ అసోసియేషన్ గుర్తింపు, ఈ వృత్తి ప్రపంచ సమాఖ్య డబ్ల్యూఎఫ్‌ఓటీ ఆమోదం ఉన్నాయో లేదో చూడండి. డబ్ల్యూఎఫ్‌ఓటీ చూసేది వృత్తిలోకి వచ్చే మొదటి డిగ్రీని, అందులో కనీసం 1000 గంటల ఫీల్డ్‌వర్క్ అడుగుతుంది. అక్కడ లోటుంటే పైన ఎంఓటీ చేసినంత మాత్రాన అది పూడదు. ఇంటర్న్‌షిప్ గంటల లాగ్, సిలబస్ కాపీలు, పోస్టింగ్ లెటర్లు కాలేజీలో ఉండగానే సంతకాలు, సీళ్లతో తీసుకోండి. రేపు విదేశాల్లో పని చేసే అర్హత కోసం అమెరికాలో ఎన్‌బీసీఓటీకో, బ్రిటన్‌లో హెచ్‌సీపీసీకో దరఖాస్తు పెట్టినప్పుడు అవన్నీ అడుగుతారు. మన దేశంలోనూ 2021 చట్టం కింద ఈ వృత్తికి జాతీయ కమిషన్, రాష్ట్ర కౌన్సిళ్ల ఏర్పాటు ఉంది కాబట్టి రిజిస్ట్రేషన్ గురించి ఎప్పటికప్పుడు తెలుసుకుంటూ ఉండండి.

ఇక థీసిస్. చాలామంది చేరాక 6 నెలలకు గైడ్ ఏది ఇస్తే అది పట్టుకుంటారు. మీరు అలా వెళ్లకండి, ఇంటి నుంచే ఒక ప్రశ్న పట్టుకెళ్లండి. ఉదాహరణకు పేషెంట్ రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలడో కొలిచే, 1965లో వచ్చిన బార్తెల్ ఇండెక్స్ మనం రోజూ వాడతాం. అందులో తిండి దగ్గర, ముక్కలు కోయడానికి, వెన్న రాయడానికి సాయం కావాలా అని ఉంటుంది. స్ట్రోక్ వచ్చిన తెనాలి పెద్దాయన కుడిచేత్తో పప్పన్నం కలిపి, ముద్ద చేసి, కారిపోకుండా నోటిదాకా తెచ్చుకోవాలి. దానికి బొటనవేలు మిగతా వేళ్లన్నిటికీ ఎదురు రావాలి, మోచేతి కింద భాగం తిరగాలి, అన్నం వేడి చేతికి తెలియాలి. స్పూన్‌తో తినగలిగితే ఫుల్ స్కోర్ వచ్చేస్తుంది, కానీ ఆయన నలుగురితో పాటు బంతిలో కూర్చుని తినలేకపోతున్నాడు. చెంబుతో స్నానం, పంచె కట్టు, కింద కూర్చుని లేవడం, ముగ్గు వేయడం కూడా ఇలాగే స్కోరుకు అందకుండా పోతాయి. వీటిని కొలిచే పద్ధతి మీద గట్టి పని చేస్తే రేపు మన జీజీహెచ్‌లలో, మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలకు నడిచే భవిత కేంద్రాల్లో అది నేరుగా పనికొస్తుంది.

ఉన్న స్కేల్‌నే తెలుగులోకి తేవాలనుకుంటే ముందు దాని హక్కుదారుల అనుమతి మెయిల్‌లో తీసుకోండి. ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి, దాన్ని అసలు చూడని మనిషి తిరిగి ఇంగ్లీషు చేయాలి, తేడాలు కూర్చుని సరిచేయాలి, ఆ తర్వాతే కొద్దిమంది పేషెంట్ల మీద వాడి చూడాలి. గుంటూరు మాట శ్రీకాకుళంలో అర్థమవుతుందో లేదో కూడా అప్పుడే బయటపడుతుంది. థెరపీ ఇచ్చి ఫలితం కొలిచే స్టడీ అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి, క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్‌ఐలో రిజిస్ట్రేషన్ రెండూ మొదటి పేషెంట్‌ను చేర్చుకోక ముందే అయిపోవాలి. స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లను డేటా అంతా పోగయ్యాక కాదు, శాంపిల్ సైజు లెక్క వేసేటప్పుడే కలవండి. మొదటి సంవత్సరం దసరా సెలవులకు ఇంటికి వచ్చేలోపు సినాప్సిస్, అంటే థీసిస్ ప్రణాళిక, డ్రాఫ్ట్ గైడ్ టేబుల్ మీద ఉండేలా చూసుకుంటే, రెండో సంవత్సరం మొత్తం పేషెంట్లకు మిగులుతుంది.