ముందు హాలు కొలవండి, రిసీవర్ సంగతి తర్వాత

మా ఇంట్లో సినిమా పెడితే పది నిమిషాలకోసారి అమ్మ అడిగే ప్రశ్న ఒకటే: "ఏమన్నాడురా వాడు?" డైలాగు వినపడక సౌండ్ పెంచుతాం, ఇంతలో ఫైట్ మొదలై కిటికీ అద్దాలు గలగలమంటాయి, గబగబా తగ్గిస్తాం, మళ్ళీ డైలాగు వినపడదు. రిమోట్ చేతిలోంచి కింద పెట్టే పనే లేదు. ఆ హోమ్ థియేటర్ సెట్టు అట్టపెట్టె మీద ఇంత లావు అక్షరాలతో 1000 వాట్స్ అని ఉండేది, అది చూసే కొన్నాను. రెండేళ్ళు భరించి, వచ్చిన కాడికి అమ్మేసి, ఈసారి స్పీకర్లు వేరుగా, వాటిని నడిపే పెట్టె, అంటే రిసీవర్, వేరుగా తీసుకున్నాను.

షాపుకి వెళ్ళేముందు టేపు పట్టుకుని హాలు కొలవండి. మన ఫ్లాట్లలో హాలు 11 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు అటూ ఇటూగా ఉంటుంది, ఒక పక్క గోడే ఉండదు, డైనింగ్‌లోకి తెరిచి ఉంటుంది. కింద నున్నటి టైల్స్, ఎదురుగా బాల్కనీ అద్దాల తలుపు. అంటే శబ్దం ప్రతి మూల నుంచీ తిరిగొస్తుంది. చప్పట్లు కొట్టి చూడండి, టంగుమని మోగితే ఎంత ఖరీదైన స్పీకరైనా అక్కడ గోలగానే వినిపిస్తుంది. ఒక మందపాటి కార్పెట్, బరువైన కర్టెన్లు వేస్తే వచ్చే తేడా, స్పీకర్ల మీద ఇంకో ఇరవై వేలు పోసినా రాదు. టీవీ నుంచి సోఫా దాకా ఎంత దూరమో కూడా రాసుకోండి, చాలా లెక్కలు దాని మీదే నడుస్తాయి.

5.1 అంటే ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్. ముందున్న మూడింటిలో మధ్యది సెంటర్. సినిమాలో మాటలు దాదాపు అన్నీ దాని నుంచే వస్తాయి. సెట్టు కొంటే వచ్చేది అరచేతంత సెంటర్, మా అమ్మ ప్రశ్నకి కారణం అదే. కాబట్టి డబ్బంతా అయిపోతుందనిపించినా సరే, సెంటర్ పెద్దది తీసుకోండి, కుడి ఎడమ స్పీకర్లది ఏ కంపెనీ ఏ సిరీసో సెంటర్ కూడా అదే అయ్యుండాలి, లేకపోతే హీరో ఎడమ నుంచి కుడికి నడుస్తూ మాట్లాడితే మధ్యలో గొంతు మారిపోతుంది. ఇంకో చిన్న సంగతి: అందరూ సెంటర్‌ని టీవీ యూనిట్ గూట్లోకి లోపలికంటా తోసేస్తారు. ముందు అంచు దాకా లాగి, కింద ఒక రబ్బరు ముక్క పెట్టి మూతిని కాస్త పైకి, కూర్చున్నవాళ్ళ చెవుల వైపు తిప్పండి. రూపాయి ఖర్చు లేదు, మాట ఒక్కసారిగా తేటపడుతుంది.

కుడి ఎడమ స్పీకర్లు సోఫా నుంచి 9 అడుగుల దూరంలో ఉంటే, వాటి మధ్య ఎడం 7 నుంచి 9 అడుగుల లోపు ఉంటే చాలు. నిలువెత్తు టవర్లే కావాలని పట్టుబట్టకండి, సబ్‌వూఫర్ ఎలాగూ ఉంటుంది కాబట్టి మన హాళ్ళకి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు సరిపోతాయి. కాగితం మీద చూడాల్సిన అంకె సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో చెప్పేది. 85 డెసిబెల్స్ స్పీకర్‌కి ఎంత పవర్ కావాలో, 88 డెసిబెల్స్ స్పీకర్‌కి అందులో సగం చాలు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ పవర్ రెట్టింపు కావాలి, లెక్క అంతే. ఇంపీడెన్స్, అంటే కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు, 6 లేదా 8 ఓమ్స్ ఉన్నవి తీసుకుంటే చవక రిసీవర్ కూడా ఇబ్బంది పడదు. 4 ఓమ్స్ స్పీకర్ల జోలికి మొదట్లోనే పోవద్దు.

వెనక స్పీకర్ల దగ్గరే అసలు చిక్కు. పుస్తకం ప్రకారం అవి మీకు పక్కగా, కొంచెం వెనక్కి, చెవి కంటే అడుగో రెండడుగులో పైన ఉండాలి. మన సోఫా వెనక గోడకి ఆనుకుని ఉంటుంది, వెనక జాగా ఎక్కడిది? అప్పుడు సరిగ్గా పక్కనే, గోడకి బ్రాకెట్ వేసి పెట్టండి. డైనింగ్ వైపు గోడ లేదు కాబట్టి అటు స్టాండు. అదీ కుదరకపోతే ప్రస్తుతానికి వెనక స్పీకర్లు మానేసి 3.1తో మొదలుపెట్టండి, నేను ఎనిమిది నెలలు అలాగే ఉన్నాను, ఏమీ పోలేదు. శబ్దం తల మీద నుంచి కూడా వినిపించేలా చేసే డాల్బీ అట్మాస్ 2014లో ఇళ్ళలోకి వచ్చిన దగ్గర్నుంచీ అందరికీ పైకప్పు మీద కన్ను పడింది. శబ్దాన్ని పైకి కొట్టి కిందికి దించే స్పీకర్లకి కప్పు చదునుగా ఉండాలి. మెట్లు మెట్లుగా పీఓపీ, మధ్యలో ఫ్యాను ఉన్న ఇంట్లో వాటికి డబ్బు పెట్టకండి. ఇల్లు ఇంకా కట్టుకుంటుంటే మాత్రం ఎలక్ట్రీషియన్‌కి చెప్పి ఫాల్స్ సీలింగ్ వేయకముందే స్పీకర్ వైర్లకి పైపులు వేయించండి, తర్వాత గోడలో గాడి కొట్టించడం కంటే అది ఎంతో నయం.

సబ్‌వూఫర్ ఇలాంటి హాలుకి 10 అంగుళాలది చాలు. 80 హెర్ట్జ్ కంటే కింది శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి పెద్దగా పసిగట్టలేదు, అందుకే దాన్ని ఎక్కడైనా పెట్టొచ్చు. కానీ మూలలో పెడితే దడదడ ఎక్కువ, పాటలో బేస్ అంతా ముద్దైపోతుంది. మంచి చోటు వెతకాలంటే సబ్‌వూఫర్‌ని తీసుకెళ్ళి మీరు కూర్చునే సోఫాలోనే పెట్టి, బేస్ ఎక్కువున్న పాట వేసి, మీరు నేల మీద పాకుతూ హాలంతా తిరగండి. ఎక్కడ బేస్ శుభ్రంగా వినపడితే అక్కడ దాన్ని పెట్టండి. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. కింద ఫ్లాటువాళ్ళతో గొడవ వద్దనుకుంటే దాని కింద మందపాటి ఫోమ్ ప్యాడ్ వేయండి, రాత్రిళ్ళు రిసీవర్‌లో డైనమిక్ కంప్రెషన్ ఆన్ చేయండి, పెద్ద శబ్దాలు అణుగుతాయి, మాటలు నిలబడతాయి.

ఇక రిసీవర్. డెనాన్, యమహా, ఒంక్యో, సోనీ, ఏదైనా పర్లేదు. వాట్స్ దగ్గరే అందరూ పడిపోతాం. "అన్నా, ఇది ఛానెల్‌కి 150 వాట్స్ అన్నా" అంటాడు షాపతను. ఆ అంకె ఒక్క ఛానెల్ మాత్రమే నడుస్తుంటే, 6 ఓమ్స్ దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌తో, అంటే శబ్దం అంత చెడిపోతుండగా, కొలిచింది అయ్యుంటుంది. మీరు చూడాల్సింది 8 ఓమ్స్, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, రెండు ఛానెళ్ళు నడుస్తుండగా ఎంత అని. అక్కడ 70, 80 వాట్స్ ఉంటే మన హాలుకి ధారాళం. 80 నుంచి 100 వాట్స్‌కి పెరిగితే వచ్చే తేడా ఒక్క డెసిబెల్, దానికోసం పై మోడల్ కొనక్కర్లేదు. ఆ డబ్బుతో మంచి సెంటర్ వస్తుంది.

టీవీలోని యాప్స్‌లోనే చూస్తారా? అయితే టీవీకీ రిసీవర్‌కీ హెచ్‌డీఎంఐ ఆర్క్, అంటే టీవీ శబ్దాన్ని అదే కేబుల్‌లో రిసీవర్‌కి పంపే సదుపాయం, ఉంటే చాలు, ఓటీటీలో వచ్చే అట్మాస్ అందులోంచి వెళ్తుంది. బ్లూరే ప్లేయర్‌ని టీవీకి పెట్టి పూర్తి నాణ్యత కావాలంటే దాని మెరుగైన రూపం ఈఆర్క్ కావాలి. పీఎస్5 గేమ్ కన్సోల్ ఉంటే దాన్ని నేరుగా టీవీకే పెట్టుకోవచ్చు, ఆ ఒక్కదాని కోసం ఖరీదైన రిసీవర్ అక్కర్లేదు. అన్నట్టు, అమెరికా నుంచి బావమరిది సూట్‌కేసులో తెచ్చిన రిసీవర్‌తో జాగ్రత్త. అది 120 వోల్టులది, మన ప్లగ్గులో వచ్చేది 230. మా ఫ్రెండ్ అడాప్టర్ మార్చి పెట్టేశాడు, టప్‌మంది, కాలిన వాసన రెండు రోజులు పోలేదు.

వైరు హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో మీటర్ లెక్కన దొరుకుతుంది. 16 గేజ్ చాలు, రాగిదే కావాలని గట్టిగా అడగండి. అనుమానం వస్తే బ్లేడుతో ఒక పోగు గీకండి, పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూసిన అల్యూమినియం. డెమోకి వెళ్ళినప్పుడు వాళ్ళు పెట్టే బాంబుల సీన్ వద్దనండి, మీకు బాగా తెలిసిన సినిమాలో ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సీన్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి, తక్కువ వాల్యూమ్‌లో వినండి.

అన్నీ బిగించాక రిసీవర్‌తో వచ్చిన మైకుని కెమెరా స్టాండు మీద, కూర్చుంటే చెవి ఉండే ఎత్తులో పెట్టి, స్పీకర్లని తనే సరిచేసే ఆటో సెటప్ నడపండి, తర్వాత మెనూలోకి వెళ్ళి స్పీకర్లన్నీ స్మాల్ అని, క్రాసోవర్ 80 హెర్ట్జ్ అని ఉన్నాయో లేదో చూసుకోండి, అంటే ఆ కింది బేస్ అంతా సబ్‌వూఫర్‌కే వెళ్ళాలి. సెటప్ నడిచే కాసేపు ఫ్యాను, ఏసీ ఆపేయాలి, ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. నేను మధ్యాహ్నం పూట మొదలుపెట్టాను, నాలుగో స్పీకర్ కూత వస్తుండగా వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. మొత్తం మళ్ళీ మొదటి నుంచి.