వచనాలు ఏరుకోకుండా, ఒక పుస్తకం మొత్తం: బైబిల్ చదవడం మొదలుపెట్టే చెల్లెళ్లకు

కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. "అక్కా, బైబిల్ ఏడికెళ్లి చదవాలె?"

నేను పాస్టరమ్మను కాను, బైబిల్ కాలేజీలో చదువుకోలేదు. దేవరకొండ డిపోలో కండక్టర్‌ని. మా వాడలో శుక్రవారం సాయంత్రం జరిగే స్త్రీల కూడికలో వాక్యం చదివించే బాధ్యత నాది. వారానికోలా మారే డ్యూటీలు, ఇంట్లో వంట, పిల్లల చదువులు, వీటి మధ్యలోనే నేను చదువుతాను. అందుకే ఇది తీరిక దొరకనివాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు అసలు మాట చెప్తాను. ఒక పుస్తకం పట్టుకోండి. దాన్ని మొదటి అధ్యాయం నుంచి చివరి అధ్యాయం దాకా వరుసగా, నెమ్మదిగా చదవండి. అది అయ్యాకే ఇంకోటి. మనకు నచ్చిన వచనాలు ఏరుకుంటూ పోతే మనకు ముందే తెలిసిన దేవుడే కనిపిస్తాడు. వరుసగా చదివితే, మనం అడగాలని కూడా అనుకోని సంగతులు ఆయన చెప్తాడు. ఆత్మకు బలం వచ్చేది అక్కడ.

మన సంఘాల్లో డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో ఒక వచనం రాసి ఉండే వాగ్దానం కార్డు తీసుకుంటాం. ఇంటికి తెచ్చి బీరువాకు అంటిస్తాం. మంచి అలవాటే, మా బీరువాకూ ఉంది. కానీ ఏడాదంతా ఆ ఒక్క వచనంతోనే సరిపెట్టుకుంటే ఆకలి తీరదు. యిర్మీయా 29:11 చూడండి. మీకు సమాధానం, నిరీక్షణ కలగాలన్నదే నా ఉద్దేశం, హాని చేయాలని కాదు అని దేవుడు చెప్పిన మాట. ఎన్ని ఇళ్ల గోడల మీద చూశానో! ఇప్పుడు 28వ అధ్యాయం నుంచి చదవండి. హనన్యా అనే ప్రవక్త లేచి, రెండేళ్లలో అంతా చక్కబడుతుంది, చెరలోకి పోయినవాళ్లు తిరిగి వస్తారని చెప్తాడు. అందరికీ నచ్చే మాట. కానీ దేవుడు చెప్పిన మాట కాదు. 29వ అధ్యాయం యిర్మీయా పంపిన ఉత్తరం. బబులోను రాజు నెబుకద్నెజరు తన దేశానికి పట్టుకుపోయినవాళ్లకు యెరూషలేము నుంచి రాశాడు. 5వ వచనంలో అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అంటాడు. 7లో మిమ్మల్ని చెరపట్టుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోరండి, దాని కోసం ప్రార్థన చేయండి అంటాడు. 10లో 70 ఏళ్లు గడిచాకే తిరిగి రావడం అంటాడు. వీటన్నిటి తర్వాత వస్తుంది మన కార్డు మీది 11వ వచనం. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది సొంతూరిని మళ్లీ చూసి ఉండరు. అయినా ఆ వాగ్దానం వాళ్లదే.

ఇది మా కూడికలో చదివిన రోజు నాకు బాగా గుర్తుంది. ఒక పెద్దమ్మ కొడుకూ కోడలూ ముంబైలో బిల్డింగ్ పనికి పోయి ఉన్నారు. పాలమూరు వైపు, మా దేవరకొండ వైపు అలా వలస పోనివాళ్ల ఇల్లు తక్కువ. ఆమె ఎప్పుడూ "దేవా, నా బిడ్డలను తొందరగా ఇంటికి తోలుకురా" అనే ప్రార్థన చేసేది. 7వ వచనం రెండుసార్లు చదివించుకుని, "అయితే ఆ ముంబై కోసం కూడా మొక్కాల్నా బిడ్డా?" అని అడిగింది. అప్పటి నుంచి ఆమె ప్రార్థనలో ముంబై పేరు వస్తుంది, అక్కడి మేస్త్రీలు, పక్క గుడిసెలవాళ్లు కూడా వస్తారు. 11వ వచనం ఒక్కటే పట్టుకుని ఉంటే ఆ ప్రార్థన ఆమెకు దొరికేది కాదు.

మరి ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? మార్కు సువార్త. 16 అధ్యాయాలే. యేసు ఏం చేశాడో గబగబా చెప్పుకుంటూ పోతుంది కాబట్టి కొత్తవాళ్లకు విసుగు రాదు. ఆదికాండము నుంచి మొదలుపెట్టినవాళ్లు నిర్గమకాండము సగంలో దేవుని ఆరాధన గుడారం కొలతల దగ్గర ఆగిపోవడం చాలాసార్లు చూశాను. బైబిల్లో 66 పుస్తకాలున్నాయి, మన కథోలిక అక్కచెల్లెళ్ల దాంట్లో 73 ఉంటాయి. వాటిని మొదటి పేజీ నుంచే మొదలుపెట్టాలని ఎక్కడా లేదు.

ఆరాధనలో చదివే పాత అనువాదం భాష కష్టంగా ఉందని కొందరు చదవడం మానేస్తారు. మానొద్దు. వాడుక భాషలో ఉన్న అనువాదాలు ఫోన్‌లో ఉచితంగా దొరుకుతాయి. అర్థం కానిచోట పక్కన పెట్టుకుని చూసుకోండి. కంఠస్థం మాత్రం పాత అనువాదంలోనే చేయమంటాను. ఎందుకంటే సంఘమంతా ఆ మాటలతోనే పాడుతుంది, ప్రార్థిస్తుంది. చావు ఇంట్లో కూర్చున్నప్పుడు ఒకరు "యెహోవా నా కాపరి" అంటే మిగతావాళ్లు "నాకు లేమి కలుగదు" అని అందుకోవాలి కదా.

సమయం గురించి. తెల్లవారుజామున నాలుగింటికి లేవాలని నేను ఎవరికీ చెప్పను. నాకే ఒక వారం పొద్దున డ్యూటీ, ఇంకో వారం మధ్యాహ్నం డ్యూటీ. గడియారం చూసి పెట్టుకున్న టైమ్ ఇలాంటి బతుకుల్లో నిలవదు. రోజూ తప్పకుండా జరిగే ఒక పనికి ముడిపెట్టుకోండి. నాకు అది ఫోన్. ముందు బైబిల్ తెరుస్తాను, ఆ తర్వాతే వాట్సాప్. పత్తి ఏరే రోజుల్లో ఆటో వచ్చేలోపు వండి, బాక్సులు కట్టుకుని పోయేవాళ్లకు పొద్దున కుదరదు. వాళ్లు రాత్రి అన్నాలయ్యాక చదవొచ్చు. రోజుకు అధ్యాయం కుదరకపోతే సగం చదవండి. ఒకరోజు తప్పితే మరునాడు రెండింతలు చదివి అప్పు తీర్చాలని చూడకండి. ఆగినచోట నుంచి మొదలుపెట్టండి, చాలు.

చదివే ముందు 119వ కీర్తన 18వ వచనమే ప్రార్థనగా చేయండి: "నేను నీ ధర్మశాస్త్రమునందు ఆశ్చర్యమైన సంగతులను చూచునట్లు నా కన్నులు తెరువుము." తర్వాత భాగాన్ని పైకి, మీ చెవికి వినపడేలా చదవండి. ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిసారి కథ తెలుస్తుంది. రెండోసారి మనుషులు కనపడతారు.

ఎలాగో ఒక భాగంతోనే చెప్తాను. మార్కు 5వ అధ్యాయం, 21 నుంచి 43 దాకా. యాయీరు అనే సమాజమందిరపు అధికారి కూతురు చావుబతుకుల్లో ఉంది. యేసు అతని ఇంటికి పోతున్నాడు. దారిలో జనం తోసుకుంటున్నారు. 12 ఏళ్లుగా రక్తస్రావంతో ఉన్న ఒక స్త్రీ వెనక నుంచి వచ్చి ఆయన వస్త్రం ముట్టుకుంటుంది. మొదటిసారి చదివితే స్వస్థత కథ. రెండోసారి చదివేటప్పుడు ఆగుతూ పోండి. ఎంతోమంది వైద్యుల దగ్గర తిరిగి, ఉన్నదంతా ఖర్చుపెట్టి, ఇంకా ఎక్కువైందని 26వ వచనంలో ఉంది. మన ఇళ్లలో ఆస్పత్రి బిల్లులకు అప్పులైనవాళ్లకు ఆ వచనం చదవగానే గొంతు పట్టుకుంటుంది. లేవీయకాండము 15వ అధ్యాయం ప్రకారం ఆమె అపవిత్రురాలు. ఆమె పడుకున్న పరుపు ముట్టినవాళ్లు కూడా సాయంత్రం దాకా అపవిత్రులే. అలాంటి మనిషి ఆ గుంపులోకి రావడానికి ఎంత భయపడి ఉంటుందో ఆలోచించండి. యేసు ఆగి, నన్ను ముట్టింది ఎవరని అడుగుతాడు. ఇంతమంది మీద పడుతుంటే అదేం ప్రశ్న అంటారు శిష్యులు. ఆయన మాత్రం చుట్టూ చూస్తూనే ఉంటాడు. ఆమె వణుకుతూ వచ్చి జరిగినదంతా చెప్తుంది. పక్కన యాయీరు కూతురి కోసం ఆత్రపడుతున్నాడు. అయినా యేసు ఆమెను మధ్యలో ఆపలేదు. "కుమారీ" అని పిలిచాడు. యాయీరు కూతురు వయసెంతో 42వ వచనంలో చూడండి, 12 ఏళ్లు. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ ఈ స్త్రీ బాధపడుతూ ఉంది.

ఇంతా చదివాక నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయండి: ఈ భాగంలో దేవుడు ఎలాంటివాడు? ఇంకో వాక్యం: ఈ రోజు నేను ఏం చేయాలి? రెండోది వీలైనంత చిన్నదిగా, చేయగలిగేదిగా ఉండాలి. "అందరినీ ప్రేమిస్తాను" అని రాస్తే సాయంత్రానికి మర్చిపోతాం. మార్కు 5 చదివిన రోజు నేను రాసుకున్నది, జీరో టికెట్ ఇచ్చేటప్పుడు ఆ అమ్మ ముఖం చూసి ఇవ్వాలని. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసే మహాలక్ష్మి పథకం వచ్చాక సంత రోజుల్లో బస్సులో కాలు పెట్టే చోటుండదు. మిషన్ నొక్కుతూ, ఆధార్ కార్డులు చూస్తూ పోతుంటే చేతులే కనపడతాయి, మనుషులు కనపడరు. ముఖం చూడ్డానికి ఎక్కువ టైమ్ పట్టదు. అలా చూస్తేనే, నల్లగొండ ఆస్పత్రికి పోతున్న ఒక తల్లి నిలబడలేకపోతోందని తెలిసింది, ఒక అబ్బాయిని లేపి సీటు ఇప్పించాను. వాక్యం మనలో పనిచేయడమంటే నా అనుభవంలో ఇదే.

చదువు రాని అక్కలు, పెద్దమ్మలు దయచేసి వెనక్కి తగ్గొద్దు. ప్రకటన 1:3లో చదివేవాడు ఒకడు, వినేవాళ్లు చాలామంది. "చదువువాడును, వాటిని విని యిందులో వ్రాయబడిన సంగతులను గైకొనువారును ధన్యులు." మొదటి సంఘాల్లో ఎక్కువమంది వాక్యాన్ని విన్నవాళ్లే, చేతిలో పుస్తకం ఉన్నవాళ్లు కొద్దిమంది. ఇంట్లో ఆరో తరగతి, ఏడో తరగతి పిల్ల ఉంటే ఆమెతో చదివించుకోండి. ఒకే భాగం మూడు నాలుగు రోజులు చదివించుకోండి. ఫోన్‌లో ఆడియో బైబిల్ ఉంది, పొయ్యి దగ్గర పెట్టుకోవచ్చు. మా కూడికలో సంతకం పెట్టడం రాని ఒక అవ్వకు 91వ కీర్తన, 121వ కీర్తన పొల్లు పోకుండా వస్తాయి. తప్పు చదివితే మమ్మల్ని సరిచేస్తుంది.

కష్టమైన భాగాలు దాటేయాలనిపిస్తుంది. దాటేయకండి, కానీ అక్కడే చిక్కుకోకండి. లేవీయకాండము 19:9, 10లో పొలం అంచులదాకా కోయొద్దు, రాలిన పరిగె ఏరొద్దు, బీదలకూ పరదేశులకూ వదిలేయమని ఉంది. పొడిగా ఉన్న ఆజ్ఞలా కనిపిస్తుంది. రూతు 2వ అధ్యాయంలో అదే ఆజ్ఞ ఒక విధవరాలికీ ఆమె అత్తకూ అన్నం పెట్టింది. పల్లికాయ పీకిన చేన్లలో పరిగె ఏరుకుని పిల్లలను సాకిన అమ్మలు మన మధ్య ఉన్నారు. వాళ్లకు ఆ అధ్యాయం నేను వివరించను, వాళ్లే నాకు వివరిస్తారు. ఆ రూతు పేరు మత్తయి మొదటి అధ్యాయం వంశావళిలో, యేసు పూర్వీకుల్లో ఉంది. ఎవరికీ తెలియని పేర్ల పట్టీ అని తిప్పేసే పేజీ అది.

ఎంత చదివినా ఏమీ అనిపించని రోజులు వస్తాయి. మా అమ్మ మంచం పట్టిన నెలల్లో "యెహోవా నా కాపరి" అనే 23వ కీర్తన నా నోటికి రాలేదు. 88వ కీర్తన చదివాను. అది చీకటితోనే ముగుస్తుంది, చివర ఓదార్పు లేదు. అయినా రాసినవాడు దేవుడితోనే మాట్లాడుతున్నాడు. అలాంటి ప్రార్థన కూడా బైబిల్లో ఉందని తెలియడమే ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది. ఏమీ అనిపించకపోయినా చదవడం ఆపొద్దని అందుకే అంటాను. మొదటి కీర్తన, వాక్యాన్ని దివారాత్రం ధ్యానించేవాడు నీటికాలువల ఒడ్డున నాటిన చెట్టులాంటివాడని చెప్తుంది. మిర్యాలగూడ బస్సులో పోయేటప్పుడు హాలియా దగ్గర సాగర్ ఎడమ కాలువ గట్టు చెట్లు చూడండి. ఎండాకాలం కాలువలో నీళ్లు లేకపోయినా వాటి ఆకు వాడదు, వేళ్ల కింద నేల ముందే తడిసి ఉంది. దేవరకొండ గుట్టల వైపు చెట్లు అప్పటికే మోడులవుతాయి.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి, వేలు పడ్డ వచనం చూసి సంబంధం ఖాయం చేసుకోవాలా, అప్పు తీసుకోవాలా అని నిర్ణయించే అలవాటు మానేయండి. పిల్లలు రాత్రి ఉలిక్కిపడుతున్నారని తలకింద పెట్టి ఊరుకోకండి. పిల్లల పక్కన కూర్చుని 4వ కీర్తన చదివి వినిపించండి, అది పడుకునే వేళకు సరిపోయే కీర్తన.

ఒంటరిగా మాత్రమే చదవకండి. వారానికి ఒకసారైనా ఇద్దరు ముగ్గురు కూర్చుని అదే భాగం చదవండి. నేను ఒక్కదాన్నే చదివితే నాకు నచ్చినట్టు అర్థం చేసుకుంటాను. అర్థం కానివి రాసిపెట్టుకుని పాస్టర్ గారిని అడగండి. సందేహం అడిగితే విశ్వాసం తక్కువ అనుకుంటారేమో అన్న టెన్షన్ వద్దు.

మార్కు అయ్యాక రూతు చదవండి, 4 అధ్యాయాలే. తర్వాత ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, అదీ 4 అధ్యాయాలే, పౌలు బంధకాల్లో ఉండి రాశాడు. అప్పుడు ఆదికాండము పట్టుకోండి, 50 అధ్యాయాలు. వీటితోపాటు రోజుకో కీర్తన పెట్టుకోండి. 119 మాత్రం 176 వచనాలు, దాన్ని 8 వచనాల చొప్పున 22 రోజులు చదవండి. మా కూడికలో ఇప్పుడు ఆదికాండము 37వ అధ్యాయం నడుస్తోంది, యోసేపును అన్నలు అమ్మేసిన దగ్గర ఉన్నాం. వచ్చే శుక్రవారానికి 38, 39 ఇంటి దగ్గర చదువుకుని రండి. 38వ అధ్యాయం కష్టంగా ఉంటుంది, తామారు కథ. కలిసి మాట్లాడుకుందాం.