విలువిద్య సొంతంగా, నాలుగో పాఠం: కాంపౌండ్ విల్లును ఎంచుకోవడం, లాగి చూడడం

పోయిన పాఠంలో మన రెండు కళ్లలో ఏది గురిపెట్టే కన్నో తేల్చుకున్నాం. కుడిచేతి విల్లు కావాలా, ఎడమచేతిది కావాలా అన్నది దాంతోనే తేలిపోయింది. ఇక కొనే సంగతి. హైదరాబాద్‌లో విల్లు పట్టాలనుకునే కుర్రాళ్లు తరచూ అడిగే మాట ఇది: "డాలస్‌లో ఉన్న మా బావగారు వేటకు వాడే కాంపౌండ్ బో ఒకటి తెస్తానంటున్నారు. తెమ్మనమంటారా?"

తెమ్మనండి. కానీ ముందు మీ కొలతలు ఆయనకు పంపండి. ఈ పాఠమంతా ఆ కొలతల గురించే.

అంతకన్నా ముందు ఒక్క విషయం తేల్చుకుందాం. అమెరికాలో లైసెన్సు తీసుకుని, సీజన్‌లో జింకను విల్లుతో వేటాడవచ్చు. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. పంట మీద పడే అడవిపందినైనా అధికారి అనుమతి లేకుండా కొట్టకూడదు. వికారాబాద్ అడవైనా, మీ ఊరి చెరువుగట్టయినా ఇదే చట్టం. కాబట్టి విల్లు వేట కోసం తయారైనదే అయినా, ఇక్కడ అది బాణం దిగే మెత్త మీద సాధన చేయడానికే.

వేట విల్లుకూ పోటీ విల్లుకూ తేడా ఎక్కడుందో చూద్దాం. కాంపౌండ్ విల్లు పుట్టిందే వేటగాడి చేతిలో. అమెరికాలోని మిస్సోరీకి చెందిన హాలెస్ ఆలెన్ దీన్ని రూపొందించాడు, 1969లో పేటెంట్ వచ్చింది. విల్లు రెండు కొసల్లో ఉండే క్యామ్‌లు, అంటే గుండ్రం తప్పిన చక్రాలు, తిరిగేకొద్దీ మొదట లాగే బరువు పెరుగుతుంది, చివరికి వచ్చేసరికి ఒక్కసారిగా తగ్గిపోతుంది. దీన్నే లెట్ ఆఫ్ అంటారు. 50 పౌండ్ల విల్లుకు 80 శాతం లెట్ ఆఫ్ ఉంటే, నిండా లాగాక మీ చేతి మీద నిలిచేది 10 పౌండ్లే. జింక పక్కకు తిరిగేదాకా కదలకుండా లాగి పట్టుకోవాలంటే వేటగాడికి ఈ వెసులుబాటు కావాలి. చెట్టు మీది మంచె మీదో గుడారంలోనో కూర్చుంటాడు కనుక విల్లు పొట్టిగా కూడా ఉండాలి. అందుకే వేట విల్లుల్లో రెండు క్యామ్‌ల ఇరుసుల మధ్య దూరం తరచుగా 30 నుంచి 33 అంగుళాలే ఉంటుంది. పోటీ విల్లుల్లో అది 36 నుంచి 40 దాకా పోతుంది.

పొట్టి విల్లును నిండా లాగినప్పుడు తాడు బాగా కోసుగా వంగుతుంది. పొడగరులకైతే అది ముక్కు కొసకు తగలక దూరంగా ఉండిపోతుంది. అలా తగలడం మనకు గుర్తులాంటిది, అది లేకపోతే తల ముందుకు వంచి వెతుక్కుంటాం. పొడవు విల్లు చేతిలో నిలకడగా కూడా ఉంటుంది. పోటీల్లో కాంపౌండ్ దూరం 50 మీటర్లు, లక్ష్యం 80 సెంటీమీటర్ల వలయాల కాగితం. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది ఈ కాంపౌండ్‌లోనే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ కూడా పెడుతున్నారు. మీ మనసు ఆ దారిలో ఉంటే మొదటి నుంచే పొడవు విల్లు చూసుకోండి. సెలవు రోజున 20, 30 మీటర్లలో సాధన చేస్తే చాలనుకునేవాళ్లకు 33 అంగుళాల వేట విల్లు హాయిగా సరిపోతుంది. 30కి లోపువి మాత్రం కొత్తవాళ్లకు వద్దని నా గట్టి అభిప్రాయం.

ఇక అసలు కొలత, డ్రా లెంగ్త్, అంటే తాడును ఎంత దూరం లాగుతామన్నది. మామూలు రికర్వ్ విల్లును ఎవరి చెయ్యి సాగినంత వాళ్లు లాగుకోవచ్చు. కాంపౌండ్ అలా కాదు. క్యామ్ ఒక చోట ఆగిపోతుంది, గోడకు తగిలినట్టు ఉంటుంది. దాన్ని వాల్ అనే అంటారు. ఆ గోడ మీ ఒంటికి సరిపోయే చోట ఉండాలి. కొలిచే పద్ధతి సులువు. గోడకు వీపు ఆనించి, రెండు చేతులూ సహజంగా చాపి నిలబడండి. ఒక చేతి నడిమి వేలి కొస నుంచి రెండో చేతి నడిమి వేలి కొస దాకా ఎవరిచేతైనా టేపుతో కొలిపించండి. వచ్చిన అంగుళాలను రెండున్నరతో భాగించండి. 65 వస్తే డ్రా లెంగ్త్ 26, 70 వస్తే 28. ఛాతీ విరిచి, చేతులు బలవంతంగా సాగదీస్తే కొలత పెరిగిపోతుంది, ఆ పని చేయకండి.

కొత్తవాళ్ల విల్లుల్లో కనబడే దోషం చాలావరకు ఒక్కటే, పొడవు ఎక్కువ కావడం. దాన్ని పట్టుకోవడం కష్టం కాదు. నిండా లాగినప్పుడు పక్కనుంచి ఒకరిని ఫోటో తీయమనండి. నడుము వెనక్కి వాలిందా, విల్లు పట్టిన మోచెయ్యి పూర్తిగా బిగుసుకుపోయిందా, లాగిన చెయ్యి దవడ దాటి చెవి వెనక్కి పోయిందా చూడండి. బాణం వదిలినప్పుడు తాడు ముంజేతికి కొట్టుకుంటోందంటే కూడా అనుమానించాల్సిందే. అటా ఇటా అన్న సందేహం ఉంటే అర అంగుళం తక్కువే పెట్టుకోండి. బావగారిని అడగాల్సిన మొదటి ప్రశ్న: "ఆ క్యామ్ మీద డ్రా లెంగ్త్ ఎంత నుంచి ఎంతకు మార్చుకోవచ్చు?" కొన్ని విల్లులకు చిన్న మాడ్యూల్‌ను తిప్పి బిగిస్తే సరిపోతుంది. కొన్నింటికి క్యామే మార్చాలి. రెండో రకమైతే, మీ కొలతకు రానిది ఎంత మంచి విల్లయినా వదిలేయండి.

డ్రా వెయిట్‌కు, అంటే విల్లును లాగడానికి కావలసిన బలానికి వస్తే, అమెరికా వేటగాళ్ల విల్లులకు 70 పౌండ్ల లింబ్‌లు (విల్లు పైనా కిందా వంగే రెక్కలు) మామూలే. లింబ్ బోల్టులు వదులు చేసి సుమారు 10 పౌండ్లు తగ్గించుకోవచ్చు, అంతకు మించి సాధారణంగా కుదరదు. అంటే 70 విల్లు ఎంత దించినా దాదాపు 60 దగ్గరే ఆగుతుంది. ప్రపంచ ఆర్చరీ నియమాల్లో కాంపౌండ్‌కు గరిష్ఠ పరిమితే 60. నేర్చుకునేవాడికి అది ఎందుకు? 40 నుంచి 50 వచ్చే లింబ్‌లు అడగండి. ఆడపిల్లలు, చిన్నవాళ్లు ఇంకా తక్కువతో మొదలుపెట్టాలి. జింక వేటకు 40 పౌండ్లుంటే చాలని అమెరికాలోనే కొన్ని రాష్ట్రాల నియమం.

బరువు మీకు తగినదో కాదో కూర్చుని చూడండి. కుర్చీ అంచున కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, విల్లును లక్ష్యం వైపు నేరుగా చాపి లాగండి. విల్లు పైకి లేవకుండా, పాదం కదలకుండా, ఊపిరి బిగబట్టకుండా రావాలి. విల్లును నింగి వైపు ఎత్తి, ఒళ్లంతా కుదిపి లాగుతున్న కుర్రాణ్ని కోచ్ చూస్తే విల్లు చేతిలోంచి తీసుకుని, "తమ్మీ, బోల్టు రెండు చుట్లు దించుదాం, తర్వాత లాగు" అంటాడు. పైకెత్తి లాగేటప్పుడు రిలీజ్ (తాడును పట్టి లాగి, ట్రిగ్గర్‌తో వదిలే చేతి పరికరం) జారితే బాణం ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. బోల్టు దించేటప్పుడు పైనా కిందా సమానంగా తిప్పాలి. తయారీదారు చెప్పిన చుట్లు దాటకూడదు.

పెట్టె మీద రాసే వేగం చూసి మురిసిపోకండి. ఆ అంకె 70 పౌండ్లు, 30 అంగుళాలు, 350 గ్రెయిన్ల (బాణం బరువు కొలిచే చిన్న తూకం) బాణంతో కొలిచినది. సెకనుకు 330 అడుగులు అని రాసి ఉన్న విల్లు, 27 అంగుళాలు, 50 పౌండ్ల దగ్గర సెకనుకు ఇంచుమించు 260కి దిగుతుంది. అది చాలు. వేగం కోసం చేసిన విల్లుల్లో బ్రేస్ హైట్, అంటే పిడికి తాడుకీ మధ్య దూరం, 6 అంగుళాలకు తగ్గుతుంది. అప్పుడు బాణం తాడు మీద ఎక్కువ సేపు ఉంటుంది, ఆ సేపట్లో చెయ్యి ఏ కాస్త కదిలినా బాణం చెదురుతుంది. 7 అంగుళాలు ఉన్నది కొత్త చేతిని ఎక్కువ మన్నిస్తుంది.

విల్లు చేతికొచ్చాక వెంటనే లాగకండి. కొంచెం దూది తీసుకుని రెండు లింబ్‌ల అంచుల వెంట మెల్లగా నడపండి. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ పగులో చీలికో ఉన్నట్టు. ఆ విల్లును లాగకూడదు. తాడు నూగులేచి ఉందేమో, క్యామ్ అంచులు సొట్టపోయాయేమో చూడండి. ఎండాకాలం కారులో వదిలేసిన విల్లయితే మరీ జాగ్రత్తగా చూడాలి. ఏప్రిల్, మే ఎండలకు మూసిన కారులోని వేడి తాడునూ లింబ్‌లనూ పాడు చేస్తుంది.

బాణం లేకుండా లాగి వదలడం మాత్రం ఎప్పుడూ వద్దు. బాణం తీసుకుపోవాల్సిన శక్తంతా తిరిగి విల్లు మీదే పడి, క్యామ్ వంగవచ్చు, లింబ్ పగలవచ్చు, ముక్క ముఖానికి తగలవచ్చు. దుకాణంలో "ఒకసారి లాగి చూడనివ్వండి" అనేముందు బాణం, మెత్త, రిలీజ్ మూడూ అడగండి. బాణం కూడా పౌండుకు 5 గ్రెయిన్లకు తగ్గకూడదు. అంటే 50 పౌండ్ల విల్లుకు కనీసం 250. 350 దాటితే మరీ మంచిది.

మూడు, నాలుగు అడుగుల దూరంలో పెద్ద మెత్త ముందు నిలబడండి. రిలీజ్ తాడుకు తగిలించి, వేలు ట్రిగ్గర్ వెనకే ఉంచి, బాణం ముల్లు మెత్త మీదే ఉండేలా లాగండి. చెయ్యి దవడ కింద కుదిరాక కళ్లు మూసుకుని ఊపిరి వదలండి, తర్వాత తెరవండి. తాడులోని పీప్ రంధ్రం సరిగ్గా కంటి ముందుంటే కొలత కుదిరినట్టు. తల ఎత్తో దించో వెతుక్కోవాల్సి వస్తే పీప్ జరపాలి, లేదా డ్రా లెంగ్త్ మార్చాలి.

ఆ తర్వాత బాణం వదలకుండా మెల్లగా తాడును మళ్లీ ముందుకు దించండి. దీన్ని ఎవరూ పరీక్షించరు, నేనైతే ముందు ఇదే చూస్తాను. లెట్ ఆఫ్ ఎక్కువున్న విల్లు దింపేటప్పుడు ఒక్క ఉదుటున ముందుకు లాక్కుపోతుంది. అదుపుతో దించలేకపోతే బరువు ఇంకా తగ్గించాలి.

రెండు విల్లులు పోల్చి చూస్తుంటే, మొదటిదాంతో కొట్టి అలసిన చేతులకు రెండోది బరువుగానే తోస్తుంది. కాసేపు కూర్చుని, ఈసారి రెండోదాంతో మొదలుపెట్టండి. ఇదంతా రేంజ్‌లోనే, వెనక ఎవరూ తిరగని చోటే. అపార్ట్‌మెంట్ మేడ మీద వద్దే వద్దు. గురి తప్పిన బాణం వందల మీటర్లు పోతుంది, మన బస్తీల్లో అన్ని మీటర్ల ఖాళీ ఎక్కడుంది?

వచ్చే పాఠం బాణాల గురించి: గట్టిదనం, పొడవు, ముల్లు బరువు. అప్పటికి మీ చేతుల చాపు కొలిచి, రెండున్నరతో భాగించి, ఆ అంకెను నోట్‌బుక్‌లో రాసి ఉంచండి. బాణం పొడవు లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.