చిగుళ్ళకి సర్జరీ అన్నప్పుడు

బెంగళూరులో, మారతహళ్లిలోనో కె.ఆర్.పురంలోనో పళ్ళ డాక్టరు "చిగుళ్ళకి సర్జరీ చేయాలి" అంటే, ఖర్చు కంటే ముందు ప్రోబింగ్ చార్టు అడగండి. మిల్లీమీటరు గీతలున్న సన్నటి పుల్లతో ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల, చిగురుకీ పంటికీ మధ్య సందు లోతు కొలిచి రాసే కాగితం అది. 1 నుంచి 3 మిల్లీమీటర్లు మామూలే. లోతు ఎక్కువుంటే ముందు స్కేలింగ్ (పళ్ళ మీద గార తీయడం), రూట్ ప్లానింగ్ (చిగురు కింద వేరును గీకి నునుపు చేయడం) చేసి, 4 నుంచి 6 వారాలాగి మళ్ళీ కొలవాలి. అప్పటికీ 6 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో ఉండి, పుల్ల తగలగానే రక్తం వస్తుంటే ఫ్లాప్ సర్జరీ ఆలోచించాలి. ఆ రెండో కొలత లేకుండా కత్తి పట్టడం తొందరపాటే.

ఫ్లాప్‌లో మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చిగురు విప్పి, వేరు మీద గార కంటికి కనబడేలా గీకేస్తారు. ఎముకలో గుంట ఉంటే బోన్ గ్రాఫ్ట్ (ఎముకను పూడ్చే పదార్థం) పెట్టి కుట్లేస్తారు. వాపు తగ్గాక చిగురు వేరు వైపు తగ్గి పళ్ళు పొడుగ్గా కనిపిస్తాయి, చల్లనీళ్ళకి జివ్వుమంటాయి. ఇది ముందే చెప్పించుకోవాలి. చెప్పకపోతే సర్జరీ చెడిందనుకుని చాలామంది మళ్ళీ ఆ గడప తొక్కరు.

చిగురు పళ్ళ మీదికి పెరిగితే దారి వేరు. బీపీకి ఆమ్లోడిపిన్, ఫిట్స్‌కి ఫెనిటాయిన్, కిడ్నీ మార్పిడి తర్వాత సైక్లోస్పోరిన్ వాడేవారిలో ఇది కనిపిస్తుంది. మందు మార్చొచ్చేమో రాసిచ్చిన డాక్టర్నే అడగండి, సొంతంగా మాత్రం ఆపొద్దు. పెరిగిన కండను బ్లేడుతోనో లేజర్‌తోనో ఏటవాలుగా కోసేయడమే జింజివెక్టమీ. లోపల ఎముక కూడా దెబ్బతిని ఉంటే ఇది చాలదు, ఫ్లాపే కావాలి. మందు అదే ఉండి, గార మళ్ళీ పడితే కండ తిరిగి పెరుగుతుంది.

షుగరుంటే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) రిపోర్టు తీసుకెళ్ళండి. రక్తం పలచబడే మాత్రల సంగతి దాచొద్దు. సిగరెట్ మానకపోతే గాయం సరిగా మానదు.

సర్జరీ అయిన మొదటిరోజు గట్టిగా పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు. చల్లారిన ఇడ్లీ, పెరుగన్నం తినండి. ఆవకాయ, పల్లీలు వద్దు. మర్నాటి నుంచి 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ 10 మిల్లీలీటర్లు, నిమిషం పాటు, రోజుకి రెండుసార్లు పుక్కిలించి ఉమ్మేయండి. పేస్టుతో తోమాక అరగంట ఆగాలి, లేదంటే మౌత్‌వాష్ పనితనం తగ్గుతుంది. రెండు వారాలు దాటి వాడితే పళ్ళకి గోధుమరంగు మరకలు పడొచ్చు. రక్తం కారుతుంటే తడి గాజుగుడ్డ 20 నిమిషాలు కదపకుండా నొక్కిపట్టండి. ఆగకపోతే వెంటనే ఫోన్ చేయండి. కుట్లు 7 నుంచి 10 రోజులకి తీస్తారు.

ఖర్చు భారమైతే విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోని ప్రభుత్వ దంత కళాశాలలో పెరియోడాంటిక్స్ (చిగుళ్ళ వైద్యం) విభాగానికి వెళ్ళొచ్చు. పాత ఎక్స్‌రేలు, వాడే మందుల చీటీ వెంట ఉంచుకోండి.